వెనక్కి నడిచే మనిషి

అద్దాల మేస్త్రి భార్య నడుము విరిచినవాడు ఆమె సొంత తమ్ముడే. ఇందులో వాదనకేమీ లేదు. తెలిసినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళకు మేస్త్రి చెప్పాడు, వినీ విననట్టు తల తిప్పుకున్నవాళ్ళకు ఇంకోసారి చెప్పాడు.

జరిగింది ఇంతే. ఒక చెప్పుల దుకాణం ముందుభాగానికి నిలువెత్తు అద్దం బిగించాలి. మేస్త్రి నిచ్చెన మీద నిలబడి చట్రం సరిచూసుకుంటున్నాడు. కింద అద్దాన్ని మోసుకొస్తున్నది అక్కాతమ్ముళ్ళు. గుమ్మం దగ్గర అద్దం అంచు రాతికి తగిలి ఒక పక్కకి ఒరిగింది. తమ్ముడు "వదులు" అని అరిచి వదిలేశాడు. అక్క వదల్లేదు. ఇద్దరు మోయాల్సిన బరువు ఒక్కతే ఆపింది. ఆపి, మెల్లగా నేలకి ఆనించింది. అద్దానికి గీత పడలేదు. ఆమె మాత్రం మళ్ళీ మునుపటిలా నిటారుగా నిలబడలేదు. ఆ అద్దం ఇప్పటికీ ఆ దుకాణానికే ఉంది, తళతళలాడుతూ. మేస్త్రి ఆ వీధి మొహం చూడడు.

ఆ తర్వాత ఆపరేషను. కింది వెన్నుపూసల్ని కడ్డీలతో, మరలతో కలిపి బిగించారు. అప్పట్లో అదే పెద్ద వైద్యం. బిగింపు గట్టిగానే కుదిరిందన్నారు. నొప్పి మాత్రం పోలేదు. కాలి చెప్పు జారితే వంగి చూసుకోలేక, కాలితోనే తడుముకుంటూ వెతుక్కునేది. కొన్నాళ్ళకి మెట్లు దిగడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి కిటికీ పక్క మంచం దిగడం మానేసింది. చివరికి ఒక చలికాలంలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయింది. నిమ్ము వల్ల పోయిందని ఆసుపత్రివాళ్ళన్నారు. వాళ్ళకేం తెలుసు. మేస్త్రికి తెలుసు.

ఆమెను సాగనంపిన రోజునే బావమరిదితో అన్నాడు.

"నా గడప తొక్కకు."

"సరే బావా," అన్నాడు వాడు.

కనీసం ఎదురు మాట్లాడితే మేస్త్రికి కొంత ఊపిరాడేదేమో. వాడు తలదించుకుని ఒప్పుకున్నాడు. ఎవరడిగినా "అవును, నేనే వదిలాను, నా మూలానే అక్క పోయింది" అన్నాడు. అద్దాల పని మానేశాడు. సరుకులు చేరవేసే వ్యాను కొనుక్కుని దాంతోనే బతుకుతున్నాడు. పెద్ద అద్దం పట్టుకోమని ఎవరైనా పిలిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటాడట. ఇదంతా మేస్త్రికి పక్క కొట్టు తాళాలాయన చెప్పిందే. వినీ విననట్టు తల తిప్పుకోవడం మేస్త్రికీ వచ్చు.

అద్దం మోసే పనికి ఇద్దరుండాలి. ఒకరు ముందుకి నడుస్తారు, ఒకరు వెనక్కి నడుస్తారు. ముందుకి నడిచేవాడి కళ్ళే ఇద్దరికీ కళ్ళు. "మెట్టు" అంటే వెనక్కి నడిచే మనిషి కాలెత్తాలి. "గుమ్మం" అంటే తల వంచాలి. "వదులు" అంటే మారుమాట లేకుండా వదిలేసి పక్కకి గెంతాలి. అద్దం పోతే ఇంకో అద్దం వస్తుంది, వేళ్ళు పోతే రావు. ఈ పనిలో ఉన్న ఏ పెద్దవాడైనా కొత్తగా చేరినవాడికి చెప్పే మొదటి మాట అదే.

మేస్త్రి ఆ మాట ఒక్కనాడూ అనలేదు. తన చేతిలో అద్దం పగల్లేదని అతనికి గొప్ప. పెళ్ళయి ఇంటికొచ్చిన కొత్తల్లోనే భార్యని అద్దానికి అటు చివర నిలబెట్టాడు. వెనక్కి నడిచే చివర. ఆమె చివరిదాకా ఆ చివరే మోసింది.

ఆమె నోరు ఊరుకునేది కాదు. అద్దం మోస్తూ కూడా ఎవరో ఒకరిని నవ్వించేది. "అందరు పెళ్ళాలూ మొగుడి వెనకాల నడుస్తారు. నన్ను మా ఆయన వెనక్కి నడిపిస్తున్నాడు. ఎటు పోతున్నానో నాకు తెలీదు. ఈయన మొహం చూసుకుంటూ పోతున్నా, గోతిలో పడ్డా ఆ మొహమే చూస్తూ పడతా," అనేది. మేస్త్రి నవ్వేవాడు కాదు. అతని చూపు ఆమె భుజం మీదుగా దారి మీద ఉండేది. కళ్ళ పని అది.

ఇప్పుడు ఆ చివర ఎవరూ లేరు. పెద్ద అద్దాల పని ఎప్పుడో వదిలేశాడు. ఫొటో పటాలు, పగిలిన కిటికీ పలకలు, గడ్డం గీసుకునే అద్దాలు, ఒక్క మనిషి చంకలో ఇమిడేవన్నీ చేస్తాడు. పొద్దున్నే కింద కొట్టు తలుపు తీస్తాడు, కంబళి పరిచిన బల్ల మీద వంగి అద్దం కోయడానికి గీతలు గీస్తాడు, చీకటి పడితే తలుపేసి పైగదిలోకి పోతాడు. రొట్టె, టీ. మంచం కిటికీ పక్కనే ఉంది. అతను దాని మీద పడుకోడు. గోడ పక్కన పరుపు వేసుకుంటాడు.

నడుము నొప్పి చాలాకాలంగా ఉంది. లోపలెక్కడో మేకు దిగ్గొట్టి, దిగ్గొట్టినవాడు మరిచిపోయినట్టు ఉండేది. మందులు మింగాడు, పట్టీ కట్టాడు, ఆసుపత్రిలో ఒక కుర్రది నేర్పిన వ్యాయామాలు గోడ పక్కన పరుపు మీద తిట్టుకుంటూ చేశాడు. ఆరు నెలలు పోయినా మేకు అక్కడే ఉంది.

ఒకరోజు కింద పడ్డ పెన్సిలు కోసం వంగాడు. అంతే. సగం మడిచిన మడతకుర్చీలాగా అలాగే ఉండిపోయాడు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, పైకీ రాలేక, కిందికీ పోలేక.

తాళాలాయన నిప్పు అడగడానికి వచ్చి చూశాడు.

"ఏంటి మేస్త్రీ, నా కాళ్ళ మీద పడేంత తప్పు ఏం చేశావ్?"

"నోరు మూసుకుని పట్టుకో."

"ఎక్కడ పట్టుకోను? నిన్నెక్కడ ముట్టుకున్నా గుచ్చుకుంటావ్."

అన్నాడు గానీ, చంకల కింద చేతులేసి మెల్లగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. పెన్సిలు తీసి చెవి మీద పెట్టాడు కూడా.

వెన్నెముక డాక్టరమ్మకి మేస్త్రి కూతురు వయసుంటుంది, కూతురంటూ ఉంటే. మాటల్లో నాన్చుడు లేదు. అది మేస్త్రికి నచ్చింది. వెలుగుతున్న తెర మీద అతని నడుము బొమ్మ పెట్టి వేలితో చూపించింది.

"ఇవి వెన్నుపూసలండీ. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మెత్తల్లా ఉన్నవి డిస్కులు. తెల్లగా కనిపించేవాటిలో ఇంకా నీరుంది. నల్లగా ఉన్నవి ఎండిపోయాయి. కింద రెండూ చూశారా."

"కిటికీ చట్రంలో ఎండిన లప్పంలాగా."

"అలాగే అనుకోండి."

"ఎండిన లప్పాన్ని మేం గీకి పారేసి కొత్తది పెడతాం."

"మేం ఇంకా అంతదూరం రాలేదు," అంది డాక్టరమ్మ. "డిస్కులోకి కణాలు ఎక్కించి మళ్ళీ పెరిగేలా చెయ్యాలని చూస్తున్నారు. ఇంకా పరీక్షల్లోనే ఉంది. రేపో మాపో వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కొంతమందికి పాత డిస్కు తీసేసి తయారుచేసిన డిస్కు పెడతాం. మీ వయసుకీ, మీ ఎముకకీ అది నప్పదు."

"అయితే కడ్డీలు బిగిస్తారు."

"అక్కర్లేదు."

మేస్త్రి ఆమె వంక కోపంగా చూశాడు. అక్కర్లేదనే మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు.

"డిస్కు ఎండినప్పుడు దాని పైనా కిందా ఉన్న ఎముక నలుగుతుంది," అంది ఆమె. "మీకు ఇదిగో ఇక్కడ, ఎముక అంచులు వాచి ఉన్నాయి. ఈ ఎముక లోపల ఒక సన్నని నరం ఉంటుంది. నొప్పిని పైకి మోసుకెళ్ళేది అదే. సన్న గొట్టం ఒకటి ఎముకలోకి పంపి, ఆ నరాన్ని వేడితో కాలుస్తాం. కోత పెద్దదుండదు. డిస్కు బాగుపడదు, అది ఎండింది ఎండినట్టే ఉంటుంది. నొప్పి కబురు మాత్రం ఆగుతుంది. చాలామందికి తగ్గింది. అందరికీ తగ్గుతుందని చెప్పను."

"అంటే, ఇల్లు కాలుతుంటే గంట మోగకుండా గంట నాలుక కోసేస్తారు."

డాక్టరమ్మ నవ్వింది. "ఇల్లు కాలడం లేదండీ. ఇల్లు పాతబడింది. గంట ఊరికే మోగుతోంది."

"ఈ వైద్యం ఎప్పటినుంచి ఉంది?" అన్నాడు మేస్త్రి.

"ఇక్కడ చెయ్యడం మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. ఏం?"

"ఏం లేదు."

బయట నర్సు జాగ్రత్తలు చెప్పింది. పొద్దున రావాలి, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాలి. ఇంటికి తీసుకెళ్ళాలి, ఆ రాత్రి కనిపెట్టుకుని ఉండాలి. తోడు లేకపోతే చెయ్యరు.

"ఎవరొస్తారండీ మీతో?"

"ఎవరూ లేరు."

"ఎవరో ఒకరుంటారు కదండీ. పిల్లలు?"

"లేరు."

"అన్నదమ్ములు?"

"పోయారు."

"పక్కింటివాళ్ళు?"

"తాళాలవాడున్నాడు."

"హమ్మయ్య," అంది నర్సు, మేస్త్రి తరఫున.

తాళాలాయన వస్తానని మాటిచ్చాడు. వెళ్ళాల్సిన పొద్దున మేస్త్రి సంచి చేతపట్టుకుని కొట్టు దిగేసరికి వీధిలో వ్యాను ఆగి ఉంది. తాళాలాయన దాని పక్కన నిలబడి తల గోక్కుంటున్నాడు.

"నాకు ఆసుపత్రి వాసన పడదు మేస్త్రీ. కళ్ళు తిరుగుతాయి. నిన్ను పట్టుకోమని పంపితే నువ్వే నన్ను పట్టుకోవాల్సొస్తుంది. అందుకని మీవాడికి చెప్పా."

"మావాడెవడు?"

"రోజూ పొద్దున వ్యాను నెమ్మది చేసి, నీ కొట్టు తలుపు తెరుచుకుందో లేదో చూసి పోతాడు చూడు, వాడు. నువ్వు చూళ్ళేదని చెప్పకు. నువ్వు మొహం తిప్పుకోవడం నా కొట్లోంచి కనిపిస్తూనే ఉంటుంది."

మేస్త్రి వెనక్కి తిరిగి పైకి పోయేవాడే. కానీ మొదటి మెట్టు ఎక్కబోతే మేకు ఇంకాస్త దిగింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడ్డ మనిషికి కోపం కూడా ఎక్కువసేపు నిలవదు. వ్యాను వైపు నడిచాడు.

బావమరిది సీటు మీద కంబళి మడతపెట్టి ఉంచాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. అందరికీ ఇంకా చిన్నోడే. మేస్త్రి వాడి మొహం చూడకుండా ఎక్కి కూర్చున్నాడు.

దారి పొడుగునా మేస్త్రి నోరు తెరవలేదు. చిన్నోడు మాత్రం ఒక్కో మాట అంటూ పోయాడు. కబుర్లు కావు.

"గుంత," అనేవాడు. వ్యాను మెల్లగా దిగి లేచేది. కాస్త దూరం పోయాక, "మిట్ట." మళ్ళీ కొంచెం ఆగి, "ఎడమకి."

మేస్త్రి ఒళ్ళు ఆ మాటలకి దానంతటదే సర్దుకుంది. సీటు అంచు పట్టుకోవడం, బరువు పక్కకి మార్చడం. పాత అలవాటు. అందుకు అతనికి ఒళ్ళు మండింది కూడా.

ఆసుపత్రిలో చిన్నోడిని వరండాలో కుర్చీల దగ్గర ఆపేశారు. మేస్త్రి ఒక్కడినే లోపల మంచం మీద కూర్చోబెట్టారు. డాక్టరమ్మ వచ్చి నడుము తడిమి, చర్మం మీద పెన్నుతో గుర్తులు పెడుతూ అడిగింది.

"ఎప్పుడు పట్టేసిందన్నారు?"

"పెన్సిలు కోసం వంగినప్పుడు. ఆ రోజే పాడైంది."

"ఆ రోజు తెలిసింది. పాడవ్వడం ఎప్పుడో మొదలైంది. ఇంత ఎండడానికి ఏళ్ళు పడుతుంది. పాపం పెన్సిలు మీద పెట్టకండి."

మేస్త్రి సంచి దగ్గరికి లాక్కున్నాడు. అందులో రెండు అట్టల మధ్య ఒక పాత స్కాను ఫిల్ము ఉంది. భార్య నడుముది. ఆపరేషనుకి ముందు, ఆ చెప్పుల దుకాణం సంగతి జరిగిన వెంటనే తీసింది.

"ఇది మా ఆవిడది. మీరు చేసే ఈ వైద్యం అప్పట్లో ఉంటే తనకి పనికొచ్చేదా? అదొక్కటి చెప్పండి."

అది అడగడానికే ఈ ఆసుపత్రికి ఒప్పుకున్నాడని అతనికి ఇప్పుడే తెలిసింది. పనికొచ్చేది అంటే ఒక కోపం, రాదు అంటే ఇంకో కోపం. రెంటికీ సిద్ధపడే వచ్చాడు.

డాక్టరమ్మ ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"పనికొచ్చేదేమో. ఎముక అంచులు మీకున్నట్టే ఉన్నాయి. కచ్చితంగా చెప్పలేను." ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "ఆమె ఏం పని చేసేవారండీ?"

"నాతో అద్దాలు మోసేది."

"చాలాకాలం?"

"నా ఇంటికొచ్చినప్పటి నుంచి."

"ఎలా మోసేవారు?"

"వెనక్కి నడుస్తూ. నడుము వెనక్కి వంచి," అని ఆగాడు. "ఇది అలా వచ్చింది కాదు. ఒకడు వదిలేస్తే బరువంతా మీద పడింది. ఆ ఒక్కరోజు. దానికి ముందు మనిషి గుర్రంలా ఉండేది. ఈ ఫిల్ము ఆ వారంలోనే తీశారు."

డాక్టరమ్మ ఫిల్ము మీద వేలు పెట్టింది.

"ఇక్కడ చూడండి. ఎముక అంచులు పక్షి ముక్కుల్లా పెరిగాయి. ఇవి వారంలో పెరిగేవి కావండీ. ఏళ్ళు పడుతుంది. డిస్కులు కూడా అన్నీ ఎండి ఉన్నాయి, కింద నుంచి ఇక్కడిదాకా. ఒక్క దెబ్బ ఒక చోట తగులుతుంది. ఇది ఒక చోట కాదు." అతని మొహం చూసి గొంతు కొంచెం తగ్గించింది. "ఆ రోజు బరువు నొప్పిని పైకి తెచ్చి ఉండొచ్చు. అది లేకపోయినా, ఇంకొన్నాళ్ళకి ఒక పెన్సిలు చాలేది. నొప్పి ముందునుంచే ఉండి ఉండాలి. మీతో అనలేదా?"

అద్దం దించిన ప్రతిసారీ భార్య రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఆకాశంకేసి చూసేది. "ఏం లేదు, మబ్బు పడుతుందేమో చూస్తున్నా," అనేది. వాన వచ్చినా రాకపోయినా అదే మాట. అతను ఒకసారో రెండుసార్లో తనూ పైకి చూశాడు కూడా.

"వదిలేసినాయన ఎవరు?" అంది డాక్టరమ్మ ఫిల్ము అట్టల మధ్య పెడుతూ.

"బయట కూర్చున్నాడు."

ఆమె ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. "అయితే ఆయనకి ఈ మాట చెప్పండి," అని వెళ్ళిపోయింది.

తర్వాత బోర్లా పడుకోబెట్టారు. మొహం దగ్గర పరుపుకి కన్నం ఉంది. అందులోంచి నేల కనిపించింది, నర్సు తెల్లబూట్లు కనిపించాయి. చేతికి సూది గుచ్చారు. నేల మెల్లగా మసకబారింది. చివరిగా అతనికి తట్టింది ఒక్కటే. మోసినన్నాళ్ళూ ఆమె తన మొహమే చూసింది. తను ఆమె మొహం చూడలేదు. దారి చూశాడు.

మెలకువ వచ్చేసరికి నోరు ఎండిపోయింది, నడుములో మొద్దుగా మంట. నర్సు కూర్చోబెట్టింది. చిన్నోడిని పిలిచి అప్పగింతలు పెట్టింది. బరువులెత్తకూడదు, వంగకూడదు, మెట్లెక్కేటప్పుడు జాగ్రత్త, నొప్పి తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, కంగారుపడొద్దు. చిన్నోడు ప్రతిదానికీ తలూపాడు. బడిలో పంతులు ముందు నిలబడ్డవాడిలా.

"డాక్టరమ్మ ఇంకేమైనా అందా బావా?" అన్నాడు వ్యానులో కూర్చోబెడుతూ.

మేస్త్రి సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. సంచిలో అట్టలు, అట్టల మధ్య ఫిల్ము. బయటికి చూశాడు.

వ్యాను కదిలింది. "గుంత," అన్నాడు చిన్నోడు. దాటించాడు. చాలా దూరం పోయాక, ముందుకే చూస్తూ అన్నాడు.

"అక్క ఉండి ఉంటే నువ్వు ఒక్కడివే ఇన్నాళ్ళూ మోసేవాడివి కాదు. నీ నడుము కూడా నా మూలానే పోయింది బావా. నాకు తెలుసు."

ఇది మాత్రం మేస్త్రి ఎవరితోనూ అనలేదు. ఈ నేరం వీడి మీద తను మోపలేదు. మోపింది చాలక వీడే ఇంకొకటి ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. ఒక్క మాట చెబితే రెండూ దిగిపోతాయి. ఆ ఒక్క మాట సంచిలో ఉంది, మేస్త్రి చేతి కింద. డాక్టరమ్మ తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆమె మళ్ళీ వీడికి ఎదురుపడదు.

ఇల్లు వచ్చింది. తాళాలాయన కొట్లోంచి తొంగిచూసి, "బతికే వచ్చావా? నీ స్టూలు నేనెత్తుకుపోదామనుకున్నా," అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనే కొంచెం నవ్వి లోపలికి పోయాడు.

కొట్టు వెనక మెట్లు ఇరుకు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఎప్పుడో ఒక బీరువా అద్దం పైకి ఎక్కడం లేదని మేస్త్రే కమ్మీ కోసేశాడు. మళ్ళీ పెట్టలేదు. పక్కపక్కన ఇద్దరు పట్టరు. వెనకనుంచి తోస్తే నడుముకి మంచిది కాదు. చిన్నోడు ఒకసారి మెట్లు చూశాడు, ఒకసారి మేస్త్రిని చూశాడు. మేస్త్రికి ఎదురుగా తిరిగి, రెండు చేతులూ చాచాడు.

మేస్త్రి ఆ చేతులకేసి చూశాడు. పెద్ద అద్దం పట్టని చేతులు. పట్టుకున్నాడు.

చిన్నోడు వెనక్కి అడుగేశాడు. మెట్టు దొరక్క కాలు గాల్లో తడుముకుంది. వెనక్కి నడిచేవాడికి కళ్ళుండవు. కళ్ళు మేస్త్రివి. చెప్పకపోతే ఇద్దరూ పడతారు.

"మెట్టు," అన్నాడు మేస్త్రి.

గడప తొక్కకన్న రోజు తర్వాత బావమరిదితో అతను అన్న మొదటి మాట అది. చిన్నోడి కాలు సరిగ్గా మెట్టు మీద పడింది.

"మెట్టు."

పడింది.

"మెట్టు. ఇది అరిగింది, లోపలికి పెట్టు."

పెట్టాడు. మేస్త్రి కళ్ళు మెట్ల మీద ఉండాల్సినవి, ఒక్కసారి పైకి లేచాయి. ఎదురుగా మొహం. అక్క కనుబొమలే. బరువు మోస్తున్నప్పుడు కింది పెదవి పంటి కింద పెట్టుకుంటున్నాడు. ఆమె కూడా అలాగే పెట్టుకునేదేమో. పెట్టుకునేదో లేదో మేస్త్రికి తెలీదు. ఎంత గుర్తుచేసుకున్నా దారులే గుర్తొచ్చాయి. ఎక్కిన మెట్లు, దాటిన గుమ్మాలు, చెప్పుల దుకాణం రాయి. ఆ మొహం రాలేదు.

"బావా?" అన్నాడు చిన్నోడు, కాలు గాల్లో ఉంచి.

"మెట్టు," అన్నాడు మేస్త్రి. "గుమ్మం."

చిన్నోడు చూడకుండానే తల వంచి గదిలోకి అడుగేశాడు. కిటికీ పక్క మంచమే దగ్గరుంది. మేస్త్రిని దాని మీదే కూర్చోబెట్టాడు. ఇన్నాళ్ళూ ఆ మంచం మీద ఎవరూ కూర్చోలేదని వాడికి తెలీదు. మేస్త్రి చెప్పలేదు. సంచి పక్కన పెట్టుకున్నాడు.

చిన్నోడు నీళ్ళిచ్చాడు. చెప్పులు విప్పి మంచం కిందికి తోశాడు. మళ్ళీ ఆలోచించి, వంగక్కర్లేకుండా కాలికి అందేలా ఇవతలకి లాగిపెట్టాడు. అప్పుడు కింద, మేస్త్రి కాళ్ళ దగ్గర కూర్చునే ఉండి, నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఆ రోజు 'వదులు' అని ఇంకొంచెం ముందు అని ఉంటే బావా. లేకపోతే నేను కూడా వదలకుండా ఉంటే. రోజూ అదే అనుకుంటా. వ్యాను నడుపుతున్నా అదే. నువ్వు తిట్టినా బాగుండు. నువ్వు అసలు మాట్లాడకపోతే..."

మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. నీ తప్పు లేదురా, అప్పటికే అరిగిపోయి ఉంది. అంతే మాట. చిన్న పిల్లాడు కూడా చెప్పగలడు.

కానీ ఆ మాట అక్కడితో ఆగదు. మరి అరగదీసింది ఎవరు బావా అని వీడు అడక్కపోవచ్చు. వీడు అడిగే రకం కాదు. అయినా ఆ ప్రశ్న మెట్లెక్కి వస్తుంది, ఈ గదిలోనే కూర్చుంటుంది, ఈ మంచం మీదే. ఆమె ఆ రోజు ఎందుకు వదల్లేదన్న ప్రశ్న దాని వెనకాలే వస్తుంది. వదలమనే మాట మొగుడి నోట ఒక్కసారైనా వినని మనిషి, తమ్ముడు అరిస్తే వదులుతుందా? ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో మేస్త్రికి తోడున్నది వీడి మీద కోపం ఒక్కటే. పొద్దున దాంతోనే లేచాడు, దాంతోనే పడుకున్నాడు. దాన్ని పంపేస్తే ఆ చోట్లో వచ్చి కూర్చునేది ఎవరో అతనికి తెలుసు.

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు," అన్నాడు.

చిన్నోడు తలెత్తాడు.

"నేనూ ఎత్తను. అయిపోయింది."

"సరే బావా," అన్నాడు చిన్నోడు. గడప తొక్కకు అన్నప్పుడు ఎలా అన్నాడో అలాగే. కాసేపు అక్కడే కూర్చుని, తర్వాత లేచి, రాత్రికి కింద కొట్లో బల్ల మీద పడుకుంటానని చెప్పి దిగిపోయాడు. దిగేటప్పుడు అరిగిన మెట్టు దగ్గర ఆగి, జాగ్రత్తగా కాలు లోపలికి పెట్టిన చప్పుడు మేస్త్రికి వినిపించింది.

మేస్త్రి ఫిల్ముని అట్టల్లోంచి తియ్యలేదు. సంచితో పాటే మంచం కిందికి, చేయి అందనంత లోపలికి, కాలితో తోశాడు.

కొన్ని వారాలకి నొప్పి చాలావరకు తగ్గింది. డాక్టరమ్మ చెప్పినట్టే గంట ఆగింది. చిన్నోడు పొద్దున వ్యాను ఆపి, కొట్టు ముందు చెత్త ఊడ్చి, బరువున్నవి ఏవైనా ఉంటే పక్కకి పెట్టి పోతున్నాడు. మేస్త్రి వద్దనడు, ఉండమనడు. మాట అవసరమైతే ఒక్క మాట, అద్దం మోసేటప్పుడు అనేంత పొడుగుది.

ఆ వీధిలో కొత్తగా వచ్చినవాళ్ళెవరో ఒకసారి తాళాలాయన దగ్గర విని, మేస్త్రినే అడిగారు, మీ ఆవిడ నడుము విరిచింది ఈయనేనటగా అని. చిన్నోడు అక్కడే ఉన్నాడు, చీపురు పట్టుకుని. చీపురు ఆగింది.

మేస్త్రి బల్ల మీద వంగి గీత గీస్తున్నాడు. గీత పూర్తయ్యేదాకా తలెత్తలేదు. పూర్తయ్యాక కూడా ఎత్తలేదు. విరిచాడనీ అనలేదు, విరవలేదనీ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఎవరడిగినా ఆ మాట అతని నోట మళ్ళీ రాలేదు.